బండి నెత్తిన మూట: టాప్ క్యారియర్ పుట్టుపూర్వోత్తరాలు

జహీరాబాద్‌లో 65వ నంబరు జాతీయ రహదారి మీద రెండు రకాల టాపులు కనిపిస్తాయి. ఒకటి హైదరాబాదు నుంచి గోవాకో మహాబలేశ్వరానికో బయలుదేరిన థార్‌ది. నల్లటి అల్యూమినియం ర్యాకు, దాని ముందు అంచున ఎల్ఈడీ లైట్ల పట్టీ, ఒక పక్క చుట్టిపెట్టిన పందిరి గుడ్డ, మరో పక్క పార, రెండు నారింజ రంగు ప్లాస్టిక్ పలకలు, వెనకవైపు డీజిల్ డబ్బా. రెండోది ఝరాసంగం వైపు నుంచో న్యాల్‌కల్ వైపు నుంచో వచ్చే పాత బొలేరోది. ఇనుప పైపుల క్యారియర్, అందులో అల్లం బస్తాలో పెళ్లి సామానో, మీద తాటిపత్రి, చుట్టూ తాడు. మొదటిదాన్ని చూసి కుర్రాళ్లు ఫోన్లు తీస్తారు. రెండోదాని వైపు ఎవరూ తల తిప్పరు. బరువు మోసే పని మాత్రం రెండోదే ఎక్కువ చేస్తుంది. మొదటిదాని మీద డబ్బా చాలాసార్లు ఖాళీగానే గోవా వెళ్లి ఖాళీగానే తిరిగొస్తుంది.

ఈ రెండింటి వంశం ఒకటే. ఆ వంశ చరిత్రలో పైన ఏ సామాను పెట్టారన్నదానికంటే, పెట్టినదాన్ని బండికి ఎక్కడ పట్టించారన్నదే అసలు మలుపులు తిప్పింది.

మోటారు బండి పుట్టిన కొత్తలో నెత్తిన మూట పెట్టే వీలే లేదు. గుర్రపు బగ్గీల కాలంలో పైకప్పు మీద సామానే కాదు, మనుషులూ కూర్చునేవారు. మోటారు కార్లకు మాత్రం మొదట్లో గుడ్డ టాపులు. తర్వాత మూసిన కార్లు వచ్చినా, కప్పు నడిమి భాగం చెక్క చట్రం మీద లాగి కట్టిన గుడ్డే. అంత వెడల్పు రేకును ఒకే ముక్కగా వంచి తీసే ప్రెస్సులు అప్పటికి లేవు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1935 మోడళ్లకు ఒకే ఉక్కు రేకుతో కప్పు చేసి, టరెట్ టాప్ అని గొప్పగా ప్రచారం చేసుకుంది. నెత్తి గట్టిపడ్డాక మూట ఎక్కడానికి ఎంతోసేపు పట్టలేదు.

మూట నిలవడానికి పట్టు కావాలి కదా. అది అనుకోకుండా దొరికింది. వాన నీళ్లు తలుపుల్లోకి కారకుండా కప్పు అంచు పొడవునా రేకును మడిచి చిన్న కాలవలా వెల్డింగ్ చేసేవారు. మెకానిక్కులు దాన్ని గట్టర్ అంటారు. కప్పు రేకు, పక్క రేకు కలిసే చోటు కాబట్టి బండి మొత్తంలో గట్టి అంచుల్లో అదొకటి. క్యారియర్ కాలును గట్టర్‌లో నిలిపి, కింద నుంచి ఒక కొక్కెం తగిలించి, బోల్టు బిగిస్తే చాలు. కప్పుకు రంధ్రం వేయనక్కర్లేదు, బరువు పలుచని రేకు నడిమి మీద పడదు. మన అంబాసిడర్ నెత్తిన పరుపులు, ట్రంకు పెట్టెలు, ఎన్నికలప్పుడు మైకులు మోసిన క్యారియర్లన్నీ ఈ పద్ధతివే. ఇప్పటి ర్యాకుల కంపెనీల్లో అందరికీ తెలిసిన స్వీడన్ థూలే 1942లో చేపలు పట్టే బోనులతో మొదలై, 1962 నాటికి గానీ కార్ల క్యారియర్లలోకి రాలేదు. అంటే ఆ వ్యాపారం అంత పాతదేమీ కాదు.

కొండలు గుట్టలు ఎక్కే బండ్ల దారి వేరు. 1941లో అమెరికా సైన్యం కోసం వచ్చిన విల్లీస్ జీపుకు గట్టి కప్పే లేదు, గుడ్డ టాపే. అందుకని పనిముట్లన్నీ పక్కలకూ వెనక్కూ చేరాయి. గొడ్డలి, పార డ్రైవరు వైపు బాడీకి పట్టీలతో బిగించి ఉండేవి. వెనక స్టెప్నీ, దాని పక్కన ఇరవై లీటర్ల డబ్బా. ఆ డబ్బా జర్మన్ సైన్యం 1930లలో తయారు చేయించినది. మూడు పిడులు, లోపల గాలి గది, స్క్రూకు బదులు మడత మూత. బ్రిటిష్ వాళ్ల పలుచని రేకు డబ్బాలు ఎడారిలో చిల్లులు పడి చాలా పెట్రోలు ఇసుకపాలయ్యేది. అందుకే శత్రువు డబ్బాను పట్టుకుని అచ్చుగుద్దేశారు, జెర్రీ క్యాన్ అని పేరూ పెట్టారు. పార, గొడ్డలి, డబ్బా: ఇప్పటి ర్యాకు మీది సామాను జాబితాలో సగం ఇక్కడే తయారైపోయింది, ఇంకా నెత్తికెక్కలేదు, అంతే.

ఇసుక పలకలది ఇంకా పాత కథ. ఈజిప్టు పడమర ఎడారిలో 1920లలో ఫోర్డు కార్లు తోలిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బ్యాగ్నాల్డ్, చక్రాలు కూరుకుపోతే కింద పరచడానికి ఉక్కు చానళ్లు వాడాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల గదులకు కప్పుగా వేయడానికి చేసిన ఇనుము అది. రెండో యుద్ధంలో విమానాలు దిగేందుకు నేల మీద పరిచిన చిల్లుల ఉక్కు పలకలూ తర్వాత ఇదే పనికి వచ్చాయి. ఇవాళ కనిపించే ప్లాస్టిక్ పలకల్లో పేరు తెచ్చుకున్న మ్యాక్స్‌ట్రాక్స్ ఆస్ట్రేలియాలో 2005లో వచ్చింది. ఇనుము నుంచి ప్లాస్టిక్‌కు మారితే బరువు తగ్గింది. బరువు తగ్గింది కాబట్టే అవి నెత్తికెక్కగలిగాయి.

అన్నీ నెత్తికెక్కించిన బండి ల్యాండ్ రోవర్. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్‌లో బయలుదేరి, మన దేశం మీదుగా, బర్మా అడవుల గుండా 1956 మార్చిలో సింగపూర్ చేరారు. ఫొటోల్లో ఆ బండ్ల టాపుల మీద డబ్బాలు, పెట్టెలు బారులు తీరి ఉంటాయి. దారిలో దుకాణం దొరుకుతుందన్న నమ్మకం లేని ప్రయాణం అది, కాబట్టి ప్రతి వస్తువుకూ పని ఉంది. పని కాస్తా వేషంగా మారడం క్యామెల్ ట్రోఫీతో మొదలైందని నా అనుమానం. 1980 నుంచి 2000 వరకు సాగిన ఆ పోటీల్లో పసుపు రంగు ల్యాండ్ రోవర్లు, టాపు మీద వరసగా లైట్లు, డబ్బాలతో బురద నదుల్లో ఈదేవి. పక్కనే సిగరెట్ కంపెనీ పేరు. ఆ బొమ్మ చూసినవాళ్లు ఊరి రోడ్ల మీద కూడా నెత్తిన లైట్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

మన వైపు కథ వేషంతో కాదు, బస్సుతో నడిచింది. నిజాం రాష్ట్ర రైల్వే శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. పదేళ్ల తర్వాత, 1942లో, హైదరాబాదులో ఆల్విన్ మెటల్ వర్క్స్ పుట్టింది. ఆల్విన్ అనగానే ఫ్రిజ్జులు, చేతి గడియారాలు గుర్తొస్తాయి గానీ, బస్సు బాడీలు కట్టడం దాని పెద్ద పనుల్లో ఒకటి. జిల్లాల బస్సుకు వెనక ఇనుప నిచ్చెన, టాపు చుట్టూ పైపుల కటకటా ఉండేవి. సైకిళ్లు, కోళ్ల గంపలు, చెరుకు మోపులు, ఎరువుల బస్తాలు, సంత రోజైతే మేకపిల్లలూ ఆ నిచ్చెన ఎక్కేవి. తాడు ఎన్ని చుట్లు తిప్పాలో, ముడి ఏ మూల పడాలో క్లీనర్ల చేతులకే తెలుసు. ఇప్పటి బస్సుల్లో ఆ నిచ్చెనలు దాదాపు మాయమయ్యాయి.

జహీరాబాద్‌కు ఆల్విన్ వచ్చింది 1980లలో, జపాన్ నిస్సాన్‌తో కలిసి, చిన్న లారీలు చేయడానికి. ఆ దశకం చివరికల్లా అది మహీంద్రా చేతికి పోయింది. బస్సు టాపులు కట్టిన సంస్థ వేసిన పునాది మీదికి జీపుల కంపెనీ వచ్చి చేరింది. 1945లో పుట్టిన మహీంద్రా, స్వాతంత్ర్యం వచ్చిన 1947 నుంచే విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించింది. అయితే మహీంద్రా థార్ జహీరాబాద్‌లో తయారు కాదు, అది నాసిక్‌లో పుడుతుంది. ఇక్కడ ట్రాక్టర్లు, జీతో లాంటి చిన్న ట్రాలీలు, మూడు చక్రాల బండ్లు తయారవుతాయి. అయినా ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో చుట్టూ చేయి తిరిగిన పనివాళ్లు తయారవుతారు. పైపు వంచేవాడు, ఆర్క్ వెల్డింగ్ చేసేవాడు, లేతు మీద బుష్ తీసేవాడు ఉంటే క్యారియర్ ఒకరోజు పని. కమాండర్ జీపులు, సుమోలు, బొలేరోలు మోసిన క్యారియర్లలో ఎక్కువ భాగం ఇలాంటి రోడ్డు పక్క షాపుల్లో పుట్టినవే. కొలత ఆ బండిదే, ఇనుము అందుబాటులో ఉన్నదే.

ఈలోగా గట్టర్ పోయింది. 1980ల నుంచి గాలిని చీల్చుకుపోయే నునుపు బండ్ల మోజు పెరిగింది. తలుపు అంచు కప్పు మీదికి వంగి వచ్చింది, వాన కాలవ లోపలికి దాక్కుంది. కొక్కెం తగిలించే చోటే లేకపోయింది. కంపెనీలే కప్పుకు రెండు పట్టాలు బిగించి ఇవ్వడం మొదలుపెట్టాయి. వాటిలో కొన్ని నిజంగా బరువు మోసేవి, కొన్ని చూడటానికి అంటించినవి. కొనేముందు బండి పుస్తకం చూడకపోతే తేడా తెలియదు. థార్‌ది ఇంకో చిక్కు. దాని గట్టి టాపు ఉక్కు రేకు కాదు. బరువంతా ఆ టాపు మీద వేస్తే పగులుతుంది. అందుకని దానికి చేసే మంచి ర్యాకులు టాపును తాకకుండా, కాళ్లను కిందికి దించి బాడీ లోహాన్నే పట్టుకుంటాయి.

పట్టు మారినప్పుడే పైన బిగించే పద్ధతీ మారింది. పాత క్యారియర్‌లో వస్తువును ఎక్కడైనా తాడుతో కట్టొచ్చు. కొత్త ర్యాకులో ప్రతి అడ్డపట్టీ పొడవునా బోర్లించిన టి అక్షరం ఆకారపు గాడి ఉంటుంది. బోల్టు తలను చివర నుంచి అందులోకి దూర్చి, కావలసిన చోటికి జరిపి, పైన నట్టు బిగిస్తారు. పార పట్టుకునే క్లాంపు, పలకలకు నిలువు పిన్నులు, పందిరికి ఎల్ బ్రాకెట్, డబ్బా కూర్చునే తొట్టి, అన్నీ ఆ ఒక్క గాడిలోకే వస్తాయి. ఇది ప్రయాణాలవాళ్లు కనిపెట్టింది కాదు. మిల్లింగ్ యంత్రం బల్ల మీద, డ్రిల్లింగ్ యంత్రం బల్ల మీద జాబ్ కదలకుండా బిగించడానికి తరతరాలుగా ఉన్న గాడే. సికింద్రాబాదులో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ లాంటి చోట్ల పనిచేసిన పెద్దాయనకు ఈ ఖరీదైన ర్యాకు చూపిస్తే, కొత్తదనమేమీ కనిపించక నట్టు సైజు అడుగుతాడు. కొత్తదల్లా అల్యూమినియం. వేడి చేసిన అల్యూమినియం కడ్డీని అచ్చులోంచి మురుకుల గొట్టంలో పిండిలా నొక్కితే గాడితో సహా పొడవాటి పట్టీ వస్తుంది. ఇనుములో అదే గాడి కోయాలంటే గంటల పని.

లైట్ల సంగతి కాస్త విడిగా చెప్పాలి, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే కాబట్టి. టాపు మీది లైటు దూరం చూపిస్తుందని పెడతారు. దాన్ని సరిగ్గా వెనక్కి జరపకపోతే వెలుగు బానెట్ మీద పడి తిరిగి డ్రైవరు కళ్లలోనే కొడుతుంది. పొగమంచులో, ముందు బండి రేపిన ఎర్ర దుమ్ములో తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. గాలికి ఈల వేస్తుంది కూడా. వైరు కప్పుకు చిల్లు పెట్టకుండా ముందు అద్దం పక్క పిల్లర్ వెంట దించి, రిలే, ఫ్యూజు వేసి బ్యాటరీకి కలపాలి. ఇంత చేశాక చట్టం ఎదురొస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 111వది, బండి ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు, తిరిగే టాపు లైట్లు రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బిగించకూడదంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ సెక్షన్‌ను గట్టిగానే నిలబెట్టింది. క్యారియర్ తగిలించడం ఎక్కడ ఆగి బండిని మార్చడం ఎక్కడ మొదలవుతుందన్న వాదన చెక్‌పోస్టు దగ్గర రోజూ నడుస్తూనే ఉంటుంది. నట్లు విప్పి దించేయగలిగే ర్యాకులకు, లైట్ల మీద మూతలకు గిరాకీ పెరగడానికి అదీ ఒక కారణం. టాపు మీద మనుషులు ఎక్కకూడదని 123వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి జీపులు ఆ సెక్షన్ చదివినట్టు కనిపించవు.

బరువు లెక్క చట్టంకంటే కఠినం. 2020లో వచ్చిన కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కే కదులుతున్నప్పుడు టాపు మీద 168 కిలోలు, నిలిపి ఉన్నప్పుడు 300 కిలోలు పరిమితి. టాపు మీది గుడారంలో ఇద్దరు నిద్రపోవచ్చు గానీ, ఆ బరువుతో బండి నడపకూడదన్నమాట. ఆ 168లో ర్యాకు సొంత బరువూ ఉంటుంది. నిండు డీజిల్ డబ్బా ఇరవై కిలోలు దాటుతుంది, పొడవాటి ఇనుప జాకీ పదమూడు కిలోల దాకా తూగుతుంది. రోడ్డు లేని చోట ఎగుడుదిగుడు దెబ్బలు కలుస్తాయి కాబట్టి పరిమితిని ఒకటిన్నరతో భాగించుకోమని ర్యాకుల కంపెనీలు చెబుతాయి. పైగా ఎత్తున పెట్టిన ప్రతి కిలో బండి బరువు కేంద్రాన్ని పైకి లాగుతుంది. పక్కకు వాలిన బాటలో అది తెలిసివచ్చేసరికి ఆలస్యమవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు జాకీ, డబ్బా లోపల కింద పెట్టి, పలకలు, పందిరి లాంటి తేలికవి పైకి పంపుతారు. బస్సు క్లీనర్లు ఇదే మాట ఎప్పుడో పాటించారు. ఇనుప సామాను కింద డిక్కీలోకి, గంపలు పైకి.

ఇక అన్నిటికంటే చిన్న వస్తువు, నట్టు. కంకర రోడ్డు మీద కుదుపు మామూలు నట్టును మెల్లగా వెనక్కి తిప్పేస్తుంది. లోపల నైలాన్ కట్టు ఉన్న నట్టు, స్ప్రింగ్ వాషరు అందుకే వాడతారు. అల్యూమినియం మీద ఇనుప బోల్టు నేరుగా ఆనితే వానల్లో తెల్లటి పొడి పట్టి తినేస్తుంది, మధ్యలో నైలాన్ వాషరు ఉండాలి. ఇవన్నీ చేసినా, కొత్తగా బిగించిన ర్యాకు కొంత దూరం నడిచాక సర్దుకుంటుంది, పట్టు సడలుతుంది. తొలి వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఎక్కడో ఆగి, స్పానర్ తీసి, ఒక్కో బోల్టూ మళ్లీ చూసుకోవాలి. హైదరాబాదులో బిగించుకుని పడమర బయలుదేరినవాళ్లకు ఆ లెక్కన తగిలే ఊరు జహీరాబాదే.