జగిత్యాల ప్రాంతంలో హైడ్రోపోనిక్ గదుల వేడి నియంత్రణ

మట్టి లేకుండా, పోషక లవణాలు కలిపిన నీళ్లలో వేర్లు ఉంచి, ఎల్‌ఈడీ దీపాల వెలుగులో ఆకుకూరలు, లెట్యూస్, బేసిల్ వంటి మొక్కలు పెంచే మూసిన గదిని హైడ్రోపోనిక్ గది అంటారు. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఇలాంటి గది కట్టాలనుకునేవారు విత్తనాల కన్నా, ఎరువుల కన్నా ముందు తేల్చుకోవలసింది వేడి సంగతి. బయట 44 డిగ్రీల సెల్సియస్ ఎండ కాస్తుంటే లోపల గాలిని 24 డిగ్రీల దగ్గర నిలపడం చాలా ఖర్చుతో కూడిన పని. మొక్కకు అంతకన్నా ముందు కావలసింది చల్లని నీళ్లు. వేర్లున్న నీటిని చల్లగా ఉంచితే గాలి కొంత వేడెక్కినా పంట తట్టుకుంటుంది. ఈ ప్రాంతంలో పెట్టుబడి ఆ వరుసలోనే సాగాలి.

పోషక ద్రావణంలో పంటలు పండించవచ్చని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరిక్ 1929లో ప్రకటించాడు. అదే విశ్వవిద్యాలయంలో హోగ్లాండ్, ఆర్నన్ 1938లో వెలువరించిన ద్రావణ సూత్రమే నేటి చాలా మిశ్రమాలకు ఆధారం. మన దేశంలో 1946 నుంచి కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ ప్రయోగాలు చేశాడు. ఆ తొలి ప్రయోగాలు ఎక్కువగా సూర్యకాంతి మీద నడిచినవే. పూర్తిగా మూసిన గది, దానితో పాటు వచ్చే వేడి చిక్కు కృత్రిమ దీపాల కాలానివి.

ప్రాంత వాతావరణం

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు రెండూ 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. వరి, మామిడి, పసుపు ఇక్కడి ప్రధాన పంటలు. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి తరచు 42 డిగ్రీలు దాటుతుంది, కొన్ని రోజులు 45కు చేరుతుంది. అప్పుడు మధ్యాహ్నం గాలిలో తేమ 20 శాతం చుట్టూ ఉంటుంది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చాక వేడి 32 డిగ్రీలకు దిగుతుంది గానీ తేమ 75 శాతం పైకి ఎక్కుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రులు చల్లబడతాయి. ఆ నాలుగు నెలల్లో గదిని చల్లబరిచే ఖర్చు చాలా తక్కువ. జగిత్యాల శివారు పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వాతావరణ ఆధారిత సలహాలు ఇస్తుంది. పొలం రైతుల కోసం ఇచ్చే ఆ సమాచారంలోని వేడి, తేమ అంకెలు గది నడిపేవారికి కూడా పనికొస్తాయి.

నీటి వేడి, వేర్ల ఆరోగ్యం

వేరుకు ఊపిరి నీటిలో కరిగిన ఆక్సిజన్. నీరు వేడెక్కే కొద్దీ అది తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గరిష్ఠంగా 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 25 దగ్గర అది 8.3, 30 దగ్గర 7.6, 35 దగ్గర 6.9 మిల్లీగ్రాములు. ఈ తగ్గుదల చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ అదే సమయంలో వేడికి వేర్ల శ్వాస వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఆ స్థితిలో వేరుకుళ్లు మొదలవుతుంది. దానికి కారణమైన పిథియం అఫానిడెర్మాటం అనే సూక్ష్మజీవి 30 డిగ్రీలు దాటిన నీటిలో బాగా పెరుగుతుంది. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడివస్తుంది. వేర్లు నీళ్లలోనే ఉన్నా ఆకులు వడలిపోతాయి. నీటి కొరత అనుకుని పంపు వేగం పెంచినా ఫలితం ఉండదు.

నీటిని చల్లగా ఉంచితే ఎంత మేలో చూపిన పరిశోధనలున్నాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, తేలే పలకల మీద పెంచిన లెట్యూస్‌కు నీటిని 24 డిగ్రీల వద్ద నిలిపితే గాలి 31 డిగ్రీలున్నా అమ్మకానికి తగిన నాణ్యత వచ్చింది. భూమధ్యరేఖకు దగ్గరున్న సింగపూర్‌లో లీ సింగ్ కాంగ్, హె జియె వంటి శాస్త్రవేత్తలు వేర్ల భాగాన్ని మాత్రమే చల్లబరిచి, ఆకులను ఆ ఊరి వేడికే వదిలి, చలి దేశాల లెట్యూస్‌ను పండించి చూపారు. జగిత్యాలకు పాఠం కావలసింది యూరప్ గాజు ఇళ్ల కన్నా ఈ సింగపూర్ పద్ధతి.

ఇక్కడ బోరు నీళ్లు ఎండాకాలంలో కూడా సుమారు 28 నుంచి 30 డిగ్రీలుంటాయి. అవే నీళ్లు డాబా మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నం దాకా నిలిస్తే 40 దాటుతాయి. కాబట్టి పోషక ట్యాంకును డాబా మీద గానీ, ఎండ తగిలే గోడ పక్కన గానీ పెట్టకూడదు. నేలలో గుంత తీసి పాతిపెట్టి, పైన, పక్కల థర్మోకోల్ లేదా పఫ్ (పాలీయురేథేన్ నురగ) పలకలతో కప్పితే సగం పని అయినట్టే. మిగిలిన నాలుగైదు డిగ్రీలను చిన్న చిల్లర్ దించుతుంది. అత్యవసరంగా ఐసు సీసాలు వేయవచ్చు. ఒక కిలో ఐసు వంద లీటర్ల నీటిని సుమారు ఒక డిగ్రీ మాత్రమే దించుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకును ఐసుతో ఎండాకాలమంతా నెట్టుకురావడం కుదరదని ఈ లెక్కే చెబుతుంది.

ఆవిరితో చల్లబరచడం: మే నెలకూ జూలైకీ తేడా

తడి ప్యాడ్ల గుండా గాలిని లాగి, అవతలి గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లతో బయటికి పంపే ఏర్పాటు పాలీహౌస్‌లలో, కోళ్ల షెడ్లలో ఈ ప్రాంతానికి పరిచితమే. ఎండాకాలం ఇంట్లో రంజన్‌లో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది: నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. అది ఎంత దూరం పనిచేస్తుందో తేల్చేది తడి బల్బు ఉష్ణోగ్రత. గాలి అంతకన్నా చల్లబడదు.

మే నెలలో 44 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత 25.4 డిగ్రీలు. 80 శాతం సామర్థ్యంతో పనిచేసే ప్యాడ్ ఆ గాలిని 29 డిగ్రీలకు దించుతుంది. అంటే ఏకంగా 15 డిగ్రీల మేలు. జూలైలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే తడి బల్బు 28.3. అదే ప్యాడ్ మూడు డిగ్రీలే దించగలదు. ఫలితం అప్పుడు కూడా 29 డిగ్రీలే.

థర్మామీటర్ రెండు నెలల్లోనూ ఒకే అంకె చూపుతుంది. మొక్కకు మాత్రం ఆ రెండు గాలులు ఒకటి కావు. మే నెలలో ప్యాడ్ దాటిన గాలిలో తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది. ఆకు నుంచి నీటిని లాగే శక్తిని కొలిచే ఆవిరి పీడన లోటు అప్పుడు ఒక కిలోపాస్కల్ చుట్టూ ఉంటుంది, అది ఆకుకూరలకు మంచి స్థితి. జూలైలో తేమ 90 శాతం దాటి, ఆ లోటు పావు కిలోపాస్కల్‌కు పడిపోతుంది. ఆకు నుంచి నీరు పైకి లేవదు. నీటితో పాటు ప్రయాణించే కాల్షియం లేత ఆకుల కొసలకు చేరదు. లెట్యూస్ నడిమి ఆకుల అంచులు మాడినట్టు నల్లబడతాయి, బూజు తెగుళ్లు అంటుకుంటాయి. మే నెల గండం గడిచిందని ఊపిరి పీల్చుకునే వేళకు వచ్చే నష్టమిది, అందుకే ఎక్కువ బాధిస్తుంది. వానాకాలంలో ప్యాడ్లకు నీళ్లు ఆపి, గదిని మూసి, ఏసీ లేదా డీహ్యుమిడిఫైయర్ నడపాలి. ఆకుల మధ్య గాలి ఆడేలా చిన్న ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరగాలి.

బోరు నీటిలో లవణాలెక్కువైతే ప్యాడ్ల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ప్యాడ్ తొట్టిలోని నీటిలో కొంత భాగాన్ని తరచు వదిలేసి కొత్తది నింపాలి.

దీపాలు, కప్పు

గదిలోకి వెళ్లిన ప్రతి వాటు కరెంటు చివరికి వేడిగానే మిగులుతుంది. పది చదరపు మీటర్ల లెట్యూస్ అరలకు సెకనుకు చదరపు మీటరుకు 200 మైక్రోమోల్‌ల వెలుగు ఇవ్వాలంటే మంచి ఎల్‌ఈడీలు సుమారు 750 వాట్లు తీసుకుంటాయి. దీపాల డ్రైవర్లను గది బయట బిగిస్తే అందులో పదో వంతు వేడి లోపలికి రాదు. 16 గంటల వెలుగును సాయంత్రం 6 నుంచి ఉదయం 10 దాకా ఇచ్చి, మండే మధ్యాహ్నాన్ని మొక్కలకు రాత్రిగా మార్చడం పైసా ఖర్చు లేని ఉపాయం. అయితే స్లాబు ఇంట్లో ఒక చిక్కుంది. పగలంతా పీల్చిన వేడిని కాంక్రీటు సాయంత్రం లోపలికి వదులుతుంది. అలాంటి గదిలో దీపాలను రాత్రి 8 గంటల తరవాత వెలిగించడం మేలు.

దీపాల కన్నా పెద్ద శత్రువు కప్పు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది మీది వట్టి స్లాబు నుంచి మే నెల ఎండలో కిలోవాటుకు పైగా వేడి దిగవచ్చు. రెండంగుళాల పఫ్ పలకలు పరిస్తే అది రెండు వందల వాట్ల లోపుకు తగ్గుతుంది. కనీసం పైన సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్లరంగో వేయాలి. చల్లని కప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023 నుంచి 2028 వరకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది కూడా. సిరిసిల్లలో సాంచల (మరమగ్గాల) షెడ్ల వంటి రేకుల కప్పున్న కట్టడాలు విశాలంగా దొరికినా, కప్పు కింద మందపాటి ఇన్సులేషన్ వేయకుండా వాటిలో హైడ్రోపోనిక్ అరలు పెట్టడం తెలిసి నష్టం కొనుక్కోవడమే.

కరెంటు పోయినప్పుడు

సన్నటి గొట్టాల్లో పలుచగా నీరు పారే ఎన్‌ఎఫ్‌టీ పద్ధతిలో పంపు ఆగితే ఎండాకాలంలో వేర్లు త్వరగా ఎండిపోతాయి. లోతైన తొట్లలో వేర్లు మునిగి ఉండే పద్ధతిలో నీరే రక్షణ. వెయ్యి లీటర్ల నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 1.16 యూనిట్ల శక్తి కావాలి. ఐదు వందల వాట్ల వేడి నిరంతరం చేరినా ఒక్క డిగ్రీకి రెండు గంటలకు పైగా పడుతుంది. కరెంటు కోతల భయమున్న ఊళ్లలో ఈ ఒక్క కారణానికే లోతు తొట్లను ఎంచుకోవచ్చు. గాలి బుడగలనిచ్చే చిన్న పంపులకు ఇన్వర్టర్ ఉంటే చాలు.

పంట, ద్రావణం

వేడికి మొక్క నీళ్లు ఎక్కువ తాగి లవణాలను వెనక వదిలేస్తుంది, ద్రావణం చిక్కబడుతుంది. అందుకే ఎండాకాలంలో లెట్యూస్ ద్రావణపు విద్యుద్వాహకతను 1.8 నుంచి 1.2–1.4 మిల్లీసీమెన్స్/సెం.మీ.కు తగ్గించి, ఉదజని సూచికను 5.5, 6.5 మధ్య ఉంచుతారు. వేడెక్కితే లెట్యూస్, కొత్తిమీర రెండూ తొందరగా పూతకాండం వేస్తాయి, లెట్యూస్ ఆకు చేదెక్కుతుంది. తోటకూరకు 30 డిగ్రీలు దాటినా ఇబ్బంది లేదు, బేసిల్ కూడా వెచ్చదనాన్ని ఇష్టపడుతుంది. కానీ వారాంతపు అంగట్లో చౌకగా దొరికే తోటకూర దీపాల కరెంటు ఖర్చును మోయలేదు. ఖరీదు పలికే లెట్యూస్‌కు ప్రధాన మార్కెట్ హైదరాబాద్, అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు చల్లని బండిలో పంపాలి. కొత్తగా మొదలుపెట్టేవారు నవంబర్‌లో తొలి నారు వేసి ఫిబ్రవరి దాకా లెట్యూస్ తీసి, మార్చి నుంచి బేసిల్‌కు మారడం మంచిది. ట్యాంకు నీటిని మండే మే నెలలో కూడా 25 డిగ్రీల లోపు నిలపగలమని తేలాకే ఏడాది పొడవునా లెట్యూస్ ఇస్తామని కొనుగోలుదారులకు మాట ఇవ్వాలి.