ష్నిట్జెల్ ఎవరిది?

వియన్నాలో ఉంటున్న మా అక్క కొడుకు మొన్న ఒక ఫొటో పంపాడు. కంచం అంచులు దాటి వేలాడుతున్న బంగారు రంగు వేపుడు, పక్కన నిమ్మచెక్క. "పిన్నీ, దీన్ని ఇటలీ నుంచి ఒక సేనాధిపతి తెచ్చాడట" అని రాశాడు. సేనాధిపతికీ మూకుడికీ ఏం సంబంధం అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

దాని పేరు వీనర్ ష్నిట్జెల్. దూడమాంసాన్ని పలచగా, 4 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా కొట్టి, మైదాలో, గుడ్డుసొనలో, రొట్టె పొడిలో వరసగా దొర్లించి నేతిలో వేయిస్తారు. మా ఇంట్లో దూడమాంసం మాటెత్తితే అత్తయ్యగారు చెవులు మూసుకుంటారు. నేను తిన్నదీ లేదు, తినబోయేదీ లేదు. పద్ధతి మాత్రం భలే నచ్చింది. పొడిని గట్టిగా అదమకూడదు. వేగేటప్పుడు మూకుడు ఊపుతూ ఉంటే వేడి నెయ్యి పైకెక్కుతుంది, లోపలి తడి ఆవిరై పై పొరను మన పూరీలాగే పొంగిస్తుంది. పక్కన పార్స్లీ ఆకు చల్లిన బంగాళాదుంపలో, వెనిగర్ కలిపిన దుంపల సలాడో పెడతారు. పైన గ్రేవీ పోయరు, పోస్తే ఆ కరకర ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! పందిమాంసంతో చేస్తే ఆ సంగతి మెనూలో రాసి తీరాలని అక్కడ చట్టం కూడా ఉంది.

ఇక సేనాధిపతి. పేరు రాడెట్స్కీ. మిలాన్‌లో ఇలాంటి వంటకం తిని చక్రవర్తికి చెప్పాడని కథ. హైంజ్ డీటర్ పోల్ అనే భాషా పండితుడు ఈ కథ మూలం వెతుక్కుంటూ వెళితే, అది 1969 నాటి ఒక ఇటాలియన్ పుస్తకం దగ్గర ఆగింది. వియన్నా పేరుతో ఈ వంటకం మాత్రం 1831లోనే మరియా అన్నా నోయ్‌డెకర్ వంటల పుస్తకంలో ఉంది. 1858లో గ్రాజ్ నగరపు గృహిణి కాథరీనా ప్రాటో, భర్త పోయిన మరుసటి ఏడాది, తన పుస్తకం అచ్చువేయించింది. రొట్టె పొడి అద్దిన దూడ ముక్కలు అందులోనూ ఉన్నాయి. ఆ "ప్రాటో" కూడా భర్త ఇంటిపేరును కత్తిరించి పెట్టుకున్నదే.

మా బంధువుల్లో ఉలవచారు అంటే ఇప్పటికీ మా మామగారి పేరే చెబుతారు. కుండ దగ్గర రోజంతా కూర్చునేది అత్తయ్యగారు. ఆవిడకి ఈ కథ చదివి వినిపించాను. దూడమాంసం సంగతి మర్చిపోయి, "ఆ ఇద్దరి పేర్లూ ఇంకోసారి చెప్పు" అన్నారు.

మా వాడికీ రాశాను. "ఇక్కడ హోటల్ మెనూలో సేనాధిపతి కథే వేశారు పిన్నీ" అని జవాబిచ్చాడు.