చోటు మారిన జన్యువు: బర్కిట్ లింఫోమా చరిత్ర

ఉగాండాలోని కంపాలా నగరంలో ములాగో ఆసుపత్రి శస్త్రవైద్యులుగా ఉన్న డెనిస్ బర్కిట్, దవడ ఎముకలు ఉబ్బి త్వరలోనే ప్రాణాంతకమయ్యే కణితితో వస్తున్న పిల్లలను పరిశీలించి, 1958లో ఆ వ్యాధిని గురించి వ్యాసం ప్రకటించారు. లింఫ్ కణాల్లో పుట్టే ఈ క్యాన్సర్‌కు ఆయన పేరే స్థిరపడింది. 1964లో ఆంథొనీ ఎప్‌స్టీన్ బృందం ఈ కణితి కణాల్లో ఒక కొత్త వైరస్‌ను చూడగలిగింది. అయితే అదే వైరస్ ప్రపంచమంతటా ఆరోగ్యవంతుల్లో సైతం విస్తారంగా ఉన్నట్టు తర్వాత తెలియడంతో, కణం అదుపు తప్పడానికి గల కారణాన్ని మరోచోట కూడా వెదకవలసి వచ్చింది.

అందుకు క్రోమోజోములకు రంగు పట్టించే పద్ధతి ఒకటి తోడ్పడింది. స్టాక్‌హోమ్‌లో కాస్పర్‌సన్, లోరె జెక్ రూపొందించిన ఆ పద్ధతిలో ఒక్కో క్రోమోజోముపై వెలుగునీడల అడ్డపట్టీలు కనిపించడంతో, అంతవరకు ఒకే పోలికతో ఉన్నవాటిని దేనికది గుర్తించడం సాధ్యమైంది. స్వీడన్‌లోనే పనిచేసిన బల్గేరియా శాస్త్రవేత్తలు మనొలొవ్, మనొలొవా 1972లో బర్కిట్ కణితి కణాల్లో 14వ క్రోమోజోము చివర అదనపు పట్టీ ఉందని చూపగా, అది 8వ క్రోమోజోము నుంచి తెగి వచ్చిన ముక్కేనని 1976లో జెక్ బృందం తేల్చింది. ఇలా రెండు క్రోమోజోములు తెగి, వాటి ముక్కలు తారుమారుగా అతుక్కోవడాన్ని స్థానాంతరణం అంటారు.

తెగిన చోట ఏ జన్యువుందో 1982లో అమెరికా పరిశోధకులు కనుగొన్నారు. ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం అదే. కణవిభజనను పురిగొల్పే మిక్ అనే జన్యువు 8వ క్రోమోజోము నుంచి కదిలి, 14వ క్రోమోజోముపై యాంటీబాడీల తయారీకి అవసరమైన జన్యువుల పక్కకు చేరింది. ప్రోటీనుకు ఆదేశాలిచ్చే మిక్ భాగం చాలా కణితుల్లో రెండుగా తెగకుండానే ఉన్నందున, జన్యువు ధ్వంసమైతేనే రోగం వస్తుందన్న ఊహ ఇక్కడ చెల్లలేదు. మరుసటి ఏడాది ఆ యాంటీబాడీ జన్యువుల్లోనే ఎన్‌హాన్సర్, అంటే తాను ప్రోటీనును తయారుచేయించకుండా ఇతర జన్యుభాగాల పనిని దూరం నుంచే హెచ్చించే డీఎన్‌ఏ భాగం, బయటపడడంతో చిక్కుముడి వీడసాగింది. యాంటీబాడీలను తయారుచేసే బి కణంలో ఆ ప్రాంతం ఎప్పుడూ చురుకుగా ఉంటుంది కనుక, దాని అజమాయిషీలో పడిన మిక్ ఆగవలసిన వేళ ఆగదు. 1985లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు మిక్‌ను, ఆ ఎన్‌హాన్సర్‌ను జతచేసి ఎలుకల్లో ప్రవేశపెట్టగా, వాటికి లింఫ్ కణాల క్యాన్సర్ వచ్చింది. ఇంత వేగంగా విభజన చెందే కణాలు డీఎన్‌ఏ తయారీని అడ్డుకునే మందులకు లొంగుతాయి; బర్కిట్ తన చిన్నారి రోగులకు ఇచ్చిన తొలి మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్, యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చినదేనన్నది తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

డీఎన్‌ఏ అసలెందుకు తెగుతుందన్న ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా దొరికింది. బి కణం తాను తయారుచేసే యాంటీబాడీ రకాన్ని మార్చుకోవడానికి ఆ జన్యువులను తానే తెంపి తిరిగి అతుకుతుంది. ఈ పనిని ఆరంభించే ఎయిడ్ అనే ఎంజైమును జపాన్‌లో తసుకు హోంజో బృందం 1999లో ప్రకటించింది. అదే ఎంజైము దారి తప్పి మిక్ జన్యువును కూడా తెంపుతుందని 2008లో ఎలుకల బి కణాల్లో రుజువైంది.