తూకం అడిగాం, ఆట అడగలేదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పసిబిడ్డకు నీళ్లు పోయడం ఒకప్పుడు గంటసేపటి పని. అమ్మమ్మో నాయనమ్మో కాళ్లు బారచాపుకొని కూర్చొని, బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకొని, నూనె రాస్తూ ఎడతెగక మాట్లాడేది. బిడ్డ ‘ఊ’ కొడితే ఆమె బదులు పలికేది. బిడ్డ ముఖం చిట్లిస్తే గొంతు మార్చేది. ఆ పైన ఉగ్గు, ఊయల, లాలిపాట. కొన్ని నెలలు గడిచాక దోబూచులు, తారంగం, చందమామను చూపిస్తూ పెట్టే గోరుముద్దలు. బిడ్డ చేసే సైగను గమనించి, దానికి తగిన బదులివ్వడమే శిశువు మెదడు ఎదుగుదలకు మూలమని నేటి శాస్త్రం చెబుతున్నది.

పాతకాలపు పెంపకమంతా గొప్పదని నేను అనను. ముర్రుపాలు పిండి పారబోయడం, ముక్కులోనూ చెవుల్లోనూ నూనె పోయడం వంటి అలవాట్లను వైద్యులం వ్యతిరేకించాం. అది సరైన పనే. కాని ఆ హడావుడిలో, స్నానంతోపాటు సాగిన సంభాషణ కూడా ఒక మందు అని మేము గుర్తించలేకపోయాం.

పుట్టినపుడు బిడ్డ మెదడు బరువు సుమారు 350 గ్రాములు. రెండేళ్లు నిండేసరికి అది పెద్దవారి మెదడులో దాదాపు నాలుగింట మూడు వంతులకు చేరుతుంది. ఈ వ్యవధిలోనే నాడీకణాల మధ్య లెక్కకు మించిన సంధులు ఏర్పడతాయి. పదేపదే వాడుకలోకి వచ్చినవి బలపడతాయి, వాడనివి క్రమంగా తొలగిపోతాయి. బిడ్డ ధ్వని చేస్తుంది, తల్లి పలుకుతుంది, బిడ్డ మళ్లీ ధ్వని చేస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోలు లేనిచోట కడుపు నిండినా ఆ సంధులకు పని దొరకదు.

బిడ్డకు తెలిసిన మాటలోనే బిడ్డను పలకరించాలన్న సంగతిని మన ప్రాంతంలో తొలుత గట్టిగా పట్టుకున్నవారు వైద్యులు కారు. 1863లో శ్రీకాకుళం చేరువన పర్వతాలపేటలో జన్మించి, విజయనగరంలో చదువుకొని, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు. సవర పిల్లలకు తెలియని భాషలో చదువు చెప్పడం వ్యర్థమని గ్రహించి, ముందు తానే సవర నేర్చుకున్నారు. వారి భాషలో వాచకాలు రాసి, బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను తలచుకొనే మనం ఈ పనిని తక్కువగా తలచుకుంటాం. ఆయన చూసినది బడి ఈడు పిల్లలను. పాలుతాగే బిడ్డలను కాదు. అయినా సీతంపేట కొండల్లో ఈనాడు అంగన్‌వాడీకి వచ్చే సవర బిడ్డ ముందున్నదీ అదే ప్రశ్న: అక్కడ తన మాటకు తన భాషలో బదులు దొరుకుతుందా?

అంగన్‌వాడీల కథ 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంతో మొదలయింది. బిడ్డల మానసిక, శారీరక, సాంఘిక వికాసానికి పునాది వేయడం పథకం లక్ష్యాలలో ఒకటి. సేవలు ఆరు: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పై ఆసుపత్రికి పంపడం, పోషణ–ఆరోగ్య బోధన, బడికి ముందు చదువు. ఈ చివరి సేవ మూడేళ్లనుంచి ఆరేళ్లవారికి మాత్రమే. మూడేళ్లలోపు బిడ్డకు ఆహారం, టీకా, తూకం. మెదడు అన్నిటికంటే వేగంగా ఎదిగే వయసుకు ఆటపాటల సేవ లేదు! తప్పు పట్టడం తేలిక. ఆకలి, అంటువ్యాధులు పిల్లలను బలిగొంటున్న కాలంలో ముందు ప్రాణం నిలపాలనుకోవడం సహజం.

నేనూ ఆ ధోరణిలోనే పనిచేశాను. తల్లి బిడ్డనెత్తుకొని వస్తే తూకం చూసేవాణ్ణి, టీకాల చీటీ అడిగేవాణ్ణి. “బిడ్డతో ఎవరు ఆడుతున్నారమ్మా?” అని అడిగిన గుర్తు లేదు.

అడగవలసిందని ప్రపంచానికి తెలియజెప్పినది జమైకా దేశం. 1980ల రెండో భాగంలో కింగ్‌స్టన్ నగరపు పేదవాడల్లో, వయసుకు తగిన ఎత్తు ఎదగని 129 మంది పిల్లలను సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం నాలుగు వర్గాలు చేసింది. ఒక వర్గానికి పాలపొడి, ఒక వర్గానికి ఆట, ఒకదానికి రెండూ, ఒకదానికి ఏదీ లేదు. ఆట అంటే ఆరోగ్య కార్యకర్త వారానికొకసారి ఇంటికి వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో ఒక గంటసేపు తల్లికి చూపించడం. రెండేళ్లు ఇలా సాగింది. రెండూ అందిన పిల్లలు అందరికంటే ముందున్నారని 1991లో ప్రకటించారు. ఏళ్లు గడిచేకొద్దీ పాలపొడి ప్రభావం మసకబారింది, ఆట ప్రభావం నిలిచింది. ఆట అందిన పిల్లల సంపాదన 22 ఏళ్ల వయసులో, అది అందనివారికంటే 25 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2014లో తేలింది.

జమైకా మాట మనకెందుకు అంటారా? మన దగ్గరే జరిగిన అధ్యయనం ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 గ్రామాలను మూడు వర్గాలుగా తీసుకొని, 600 మంది తల్లీబిడ్డలను బిడ్డ మూడో నెలనుంచి పదిహేనో నెలవరకు గమనించింది. మొదటి వర్గానికి మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండోదానికి వాటితోపాటు ఏమి తినిపించాలన్న బోధన. మూడోదానికి అదనంగా, బిడ్డ ఆకలి సైగలను గుర్తించి ఎలా తినిపించాలి, ఎలా ఆడించాలి అన్నదీ నేర్పారు. 2013లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం బోధన అందిన రెండు వర్గాల్లోనూ బిడ్డల ఆహారం మెరుగుపడింది. మానసిక వికాసపు మార్కులు పెరిగింది మాత్రం మూడో వర్గంలో. తూకపు యంత్రం మీద చూస్తే ఈ తేడా కనబడేది కాదు.

ఇక మన జిల్లాల సంగతి. తీరగ్రామాల మత్స్యకారులు చేపలవేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి నెలల తరబడి ఉండిపోతారు. మెట్ట గ్రామాలనుంచి జంటలు జంటలుగా హైదరాబాదు, చెన్నై నగరాల భవన నిర్మాణాలకు తరలిపోతారు. బిడ్డ వెంటవెళితే ఇసుకకుప్ప పక్కన పెరుగుతుంది. ఊళ్లో ఉంటే ముసలి నాయనమ్మ దగ్గర. ఆమె చేతిలో ఈనాడు సెల్‌ఫోన్ ఉంది. అందులో పాటలు వస్తాయి, బొమ్మలు కదులుతాయి. కాని బిడ్డ ‘ఊ’ అంటే అది బదులు పలకదు, బిడ్డ ముఖం తిప్పుకొంటే ఆగదు. రెండేళ్లలోపు బిడ్డకు తెర వద్దని వైద్యులం చెప్పడానికి ముఖ్య కారణం ఇదే. దూరాన ఉన్న తండ్రితో వీడియోలో ముఖాముఖి మాట్లాడించడం వేరు. అక్కడ బదులిచ్చే మనిషి ఉన్నాడు, ఆ పని నిరభ్యంతరంగా చేయండి.

ఆట ఖర్చుతో కూడినది కాదు. ఏటికొప్పాక లక్క గిలక్కాయ చూడముచ్చటగా ఉంటుంది, కొనగలిగితే కొనండి. లేకుంటే కొబ్బరిచిప్పలు రెండు చాలు, ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా చాలు. బిడ్డ నోట్లో పట్టేంత చిన్న వస్తువులు, పదునైనవి మాత్రం ఇవ్వకండి.

పుట్టుకనుంచి మూడేళ్లవరకు అయిదు దశాబ్దాలుగా మిగిలిపోయిన ఆ ఖాళీని పూరించడానికి కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ‘నవచేతన’ అనే మార్గదర్శక చట్రాన్ని విడుదల చేసింది. 36 నెలలకు నెలవారీగా, ఇంట్లో చేయదగిన ఆటలు, మాటలు అందులో ఉన్నాయి. ఈసారి మీ మనుమరాలిని తూకానికి తీసుకువెళ్లినపుడు అంగన్‌వాడీ కార్యకర్తను దాని గురించి అడగండి. ఈ నెల ఆట ఏదో చూపించమనండి. ఆమెకు ఇంకా అందకపోతే, మీ ఇంటి పెద్దావిడ తన పిల్లలకు నీళ్లుపోస్తూ ఏమేమి మాట్లాడేదో అడిగి, ఆ రాత్రే మొదలుపెట్టండి.