కరణీకవిద్య - దాని గోప్యత

కొన్ని విద్యలు స్వభావముచేత కఠినములు. మరికొన్ని కఠినములుగా నిలుపబడినవి. ఈ భేదమును గుర్తించుటకు మేమిచ్చట కోసిగి ప్రాంతపు గ్రామలెక్కలను పరిశీలింతుము.

1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీకి ఇచ్చినపుడు ఆదవాని సీమయు అందు చేరెను. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో భూములను కొలిపించి రైతువారీ పద్ధతికి పునాది వేసెను. రైతు నేరుగా ప్రభుత్వమునకు శిస్తు కట్టవలసినవాడయ్యెను. అయినను నడుమ కరణము నిలిచెను. పొలమెంత, శిస్తెంత, బాకీయెంత అనునవి ఆతని లెక్కలయందే యుండెను.

ఆ లెక్కలను చదువుట సులభము కాదు. వ్రాత గొలుసుకట్టు. భిన్నములు నాల్గేసి వంతులుగా సాగును: కాలు, అందు నాల్గవవంతు వీసము, అందు నాల్గవవంతు కాణి. కాలునకు నిలువుగీత, వీసమునకు అడ్డగీత, కాణికి మరల నిలువుగీత. ఒకే గీత విలువ స్థానమునుబట్టి మారును. ఫసలి, జమాబంది వంటి పారసీక వ్యవహారపు మాటలు దీనికి తోడయ్యెను.

ఇదంతయు కుట్రయనుట తొందరపాటు. వేగమునకు గొలుసుకట్టు, చిన్నపాళ్ల గణనకు కాణి అవసరములే. విద్యయే అరుదుగా నుండెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 నాటి నివేదికలో జిల్లా యంతట 533 పాఠశాలలను, 6,641 మంది విద్యార్థులను చూపెను. వేయిమందిలో ఏడుగురైనను చదువుటలేదని అతని గణన.

కాని కాఠిన్యమే కారణమైనచో, అది తొలగగానే గుత్తయు తొలగవలెను. అట్లు జరుగలేదు. 1953 అక్టోబరు 1న ఆదోని తాలూకా బళ్లారినుండి కర్నూలు జిల్లాలో చేరెను; కరణీకము మారలేదు. 1957లో దశాంశ నాణెములు వచ్చెను, వీసము, కాణి వెనుకబడెను, కరణీకము నిలిచెను. గ్రామోద్యోగులను పూర్వోద్యోగుల కుటుంబములనుండియే ఎన్నుకొనవలెనను 1895 నాటి చట్టనియమము చెల్లదని సుప్రీంకోర్టు 1960లో తీర్పు చెప్పెను. తుదకు 1984లో రాష్ట్రప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసెను.

కావున విద్యను కొందరికే పరిమితము చేసినది గీతల చిక్కు కాదు, వంశపారంపర్యమైన అధికారము. చిక్కు ఆ అధికారమునకు కంచెగా ఉపకరించెను. నేడు అడంగలును అంతర్జాలమున ఎవరైనను చూడవచ్చును. అయినను చూచుట వేరు, చదివి ప్రశ్నింపగలుగుట వేరు. పట్టా కలిగిన రైతునకు ఈ రెండవది నేర్పువరకు కంచె పూర్తిగా తొలగినదని మేము తలపము.