మన దారులు, మన దిబ్బలు

ఏలూరు, కొవ్వూరు, రాజమండ్రి, పిఠాపురం దారిలో బదిలీల మీద బదిలీలతో మనలో ఎంతమందిమి ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరు రేవులో లాంచీ కోసం కాచుకున్న వారూ మనలో ఉన్నారు. బస్సు దొరుకుతుందా, ఆఫీసు వేళకు చేరతామా అన్న చింతే తప్ప, ఈ దారి ఎప్పటిదన్న ఆలోచన ఆనాడు మనకెక్కడిది? పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి, కొన్ని స్థలాలు చూసి, కొంత చదివి తెలుసుకున్న విషయాలు మీ ముందుంచుతున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట (1847-52), దాని కాలువలు రాకముందు వరదలొస్తే డెల్టా పల్లపు నేలలో బండి నడవడం గగనమే. కాబట్టి దూరప్రయాణాలకు మెట్ట అంచు దారే శ్రేయస్కరం. మన ప్రాచీన స్థలాలు కొన్ని ఆ అంచునే కనిపిస్తాయి.

ఏలూరుకు సుమారు 12 కిలోమీటర్లలో ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి. శాలంకాయనులకు, తరువాత తూర్పు చాళుక్యులకు రాజధాని. కళింగ, కోసల, మహారాష్ట్ర, కర్ణాట, ద్రావిడ దేశాలకు వెళ్ళే ఐదు దారులు వేంగి సీమలో కలిసేవని ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్ అభిప్రాయం. ఇక్కడ కోసలమంటే అయోధ్య వైపుది కాదు, ఛత్తీస్‌గఢ్ వైపున్న దక్షిణ కోసలం. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు ఓడించిన దక్షిణాది రాజుల జాబితాలో పిష్టపురపు మహేంద్రుడు, వేంగి హస్తివర్మ ఇద్దరూ ఉన్నారు. ఆ పిష్టపురమే నేటి పిఠాపురం. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ కూడా కోసలం మీదుగానే ఆంధ్రదేశానికి వచ్చాడు.

కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండల్లో రెండువేల ఏళ్ళు పైబడిన బౌద్ధ గుహలున్నాయి. గుండ్రని చైత్యగుహలో పైకప్పుకు కొయ్య వాసాల్లాగే రాతిని చెక్కారు. లోపలి స్తూపాన్ని ఊరివారు ధర్మలింగేశ్వరుడని కొలిచారు. అక్కడి ఒక శాసనం కళింగ మహిషకాధిపతి సిరిసదుని పేరు చెబుతుంది. ఇటు గొల్లప్రోలు దగ్గర కొడవలి కొండ మీద శాతవాహన రాజు చండసాతి శాసనం ఉంది. కళింగం పేరు ఇక్కడి రాతి మీదకు, శాతవాహనుల పేరు అక్కడి కొండ మీదకు చేరాయంటే మనుషుల రాకపోకలు ఎంతగా ఉండేవో ఊహించవచ్చు.

రెండో దారి నీటిది. కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఆదుర్రులో బౌద్ధ స్తూపం బయటపడింది. సముద్రం అక్కడికి ఎంతో దూరం లేదు. మైసోలియా అనే పేరుతో మన తీరాన్ని రెండో శతాబ్దపు గ్రీకు భూగోళకారుడు టాలెమీ వర్ణించాడు. తూర్పు దేశాలకు ఓడలు తీరం విడిచే చోటును కూడా పేర్కొన్నాడు.

ఇక నా సొంత మాట ఒకటి. మా ఊరి చివర ఒక పాటిదిబ్బ ఉండేది. ఏటా వేసవిలో పాటిమన్ను తవ్వి బండ్లతో చేలకు ఎరువుగా తోలేవాళ్ళం. మట్టిలో ఎర్రని పెంకులు, పూసలు, మూరెడు ఇటుకలు వచ్చేవి. పూసలు పిల్లలం పంచుకున్నాం, ఇటుకలు మా పశువులపాక గోడలోకి పోయాయి. ఇప్పుడక్కడ దిబ్బ లేదు. అది ఏ దారి మీది మజిలీయో చెప్పే సాక్ష్యాన్ని మా చేతులతోనే చేలలో చల్లుకున్నాం. పెదవేగి గురించి చదివిన రోజున నాకు ఆ పశువులపాక గోడే గుర్తొచ్చింది.

కనుక మిత్రులారా, సోదరీమణులారా, మీ ఊళ్ళో ఇంకా దిబ్బ మిగిలి ఉంటే దాని పేరు, ఏ దిక్కున ఉందీ, పెద్దలు ఏమనేవారూ ఒక కాగితం మీద రాసిపెట్టండి. మనవలను వెంటబెట్టుకెళ్ళి చూపించండి. తవ్వకాల్లో ఏదైనా బయటపడితే పురావస్తు శాఖకు తెలియజేయండి. ఇన్నేళ్ళూ ఫైళ్ళు భద్రపరిచిన చేతులు మనవి. ఈ ఒక్క ఫైలు కూడా మూతపడకుండా చూద్దాం.