సంతకం చేసిన శిలాముద్రణ చిత్రాల సేకరణ

కళాకారుడు స్వయంగా రాతిపై గీసి, ముద్రించిన ప్రతిపై స్వహస్తంతో సంతకం చేసిన చిత్రాన్ని సంతకపు శిలాముద్రణ చిత్రం లేదా సంతకపు లితోగ్రాఫు అంటారు. ప్రతులు అనేకం ఉన్నప్పటికీ వీటిని నకళ్ళుగా కాక మూలచిత్రాలుగానే పరిగణిస్తారు.

ముద్రణ విధానం
ఈ పద్ధతిని అలోయిస్ సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో కనుగొన్నాడు. నునుపు చేసిన సున్నపురాయిపై జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, తుమ్మబంకతో కలిపిన ఆమ్లం పూస్తారు. తరువాత రాతిని తడిపితే సిరా జిడ్డు గీతలకే అంటుకుంటుంది.

భావవ్యక్తీకరణవాద చిత్రకారులు
ఎడ్వర్డ్ ముంక్ తన ప్రసిద్ధ చిత్రం "ది స్క్రీమ్"ను 1895లో శిలాముద్రణగా కూడా చేశాడు. 1905లో డ్రెస్డెన్‌లో ఏర్పడిన "డీ బ్రూకె" బృందంలోని కిర్ష్నర్, హెకెల్ ముద్రణకళకు ప్రాధాన్యమిచ్చారు. కేథె కోల్విట్జ్ 1924లో యుద్ధానికి వ్యతిరేకంగా శిలాముద్రణ గోడపత్రిక రూపొందించింది. 1937లో నాజీ ప్రభుత్వం ఇటువంటి చిత్రాలను "క్షీణకళ"గా నిందించి జర్మనీ ప్రదర్శనశాలల నుండి వేలాదిగా స్వాధీనం చేసుకుంది. ఒకే చిత్రానికి పలు ప్రతులు ఉండుట వలన ఒకచోట పోయినవి మరొకచోట మిగిలే అవకాశం కలిగింది.

సంతకం, సంఖ్య
సాధారణంగా చిత్రం క్రింద పెన్సిలుతో సంతకం, 12/50 వంటి సంఖ్య ఉంటాయి. అనగా మొత్తం 50 ప్రతులలో ఇది 12వది. ముద్రించిన వరుస ఇదే కానక్కరలేదు. "ఏ.పి." అనునది కళాకారుని సొంత ప్రతికి గుర్తు. రాతిపైనే గీసిన సంతకం ప్రతి కాగితంపైనా అచ్చవుతుంది గనుక దానిని చేతి సంతకంగా భావించరాదు. భూతద్దంతో చూసినపుడు వరుసగా చుక్కలు కనిపిస్తే అది ఫొటో ఆధారిత నకలు కావచ్చును. కళాకారుని మరణానంతరం తీసిన ప్రతులపై ఆయన చేతి సంతకం ఉండదు. ప్రతి ఎవరెవరి చేతులు మారిందో తెలిపే పత్రాలు సంతకమంత ముఖ్యమైనవి.

తెలుగు కళాకారులు
1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో కాండిన్‌స్కీ, క్లే, ఫైనింగర్ల చిత్రాలు భారతీయులకు కనిపించాయి. చిత్తూరు జిల్లాలో జన్మించిన ఎన్. కృష్ణారెడ్డి (1925–2018) ప్యారిస్‌లోని "అటెల్యే 17"లో, సిరాల చిక్కదనంలోని తేడాతో ఒకే రేకుపై పలు రంగులు ముద్రించే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడు. 1972లో పద్మశ్రీ పొందాడు. మెదక్ ప్రాంతానికి చెందిన కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్ చిత్రాలకు ప్రసిద్ధుడు. వీరివి రాతి ముద్రణలు కాక లోహపు రేకు ముద్రణలే అయినా, సంతకం, సంఖ్యల నియమాలు వీటికీ వర్తిస్తాయి.

భద్రపరచుట
విశాఖపట్నం వంటి సముద్రతీర నగరాలలో గాలిలోని తేమ వలన కాగితానికి బూజు, గోధుమరంగు మచ్చలు వస్తాయి. అద్దం చిత్రాన్ని తాకకుండా, ఆమ్లరహిత అట్టతో చట్రం కట్టించి, ఎండ, తడిగోడలకు దూరంగా ఉంచాలి. సంతకం ఉన్న అంచును చట్రానికి సరిపోవుటకై ఎన్నడూ కత్తిరించరాదు.